8 వాట్లకు ఎన్ని గ్రాములు?

జూన్ 8, ఆదివారం

బాలానగర్‌లో పాత ఇనుము అమ్మే చోట పదంగుళాల పైపు ముక్క దొరికింది. గోడ మందం 6 మి.మీ., పొడవు ఒక మూర కంటే తక్కువ. అడుగున పలక వేసి మూయాలి, పైఅంచుకు రింగు వేసి నునుపు తీయాలి అని పక్కనే ఉన్న వెల్డింగ్ షాపులో చెప్పాను.

"బోరుకా సార్?"

"కాదు. ఇందులో గాలి తీసేయాలి."

"తీసేసి ఏం పెడతారు?"

"ఏమీ పెట్టను."

అతను నన్ను కాసేపు చూసి, చెప్పిన కూలికి రెండు వందలు కలిపాడు. ఏమీ పెట్టకుండా ఉంచడమే కష్టమని అతనికి ఎలా తెలిసిందో!

సంగతి ఇది. ఉపగ్రహానికి తేలికైన రేడియేటరు ఒకటి చేసి, ఈ పైపు డ్రమ్ములో గాలి లేకుండా పరీక్షించాలని నా ప్రయత్నం. అంతరిక్షంలో వేడిని వదిలించుకోవడానికి ఒకటే తలుపు ఉంది. అక్కడ గాలి వీయదు, నీళ్లు పోయలేము. వస్తువు తన ఒంటి వేడిని పరారుణ కిరణాలుగా విరజిమ్ముకోవాలి, అంతే. మన కార్లలో ఉన్నదాన్ని రేడియేటరు అంటున్నాం గానీ, అది చేసేది చాలావరకు గాలికి వేడిని అప్పజెప్పడం. అసలు రేడియేటరు పైన, ఉపగ్రహాల మీద ఉంటుంది. 27 డిగ్రీల దగ్గర ఒక చదరపు మీటరు ఉపరితలం, ఎంత నల్లగా ఉన్నా, 459 వాట్లకు మించి వదలలేదు. అదే 127 డిగ్రీల దగ్గర 1,451 వాట్లు వదులుతుంది. పరమ ఉష్ణోగ్రత (−273 డిగ్రీల నుంచి లెక్కపెట్టేది) నాలుగో ఘాతం చేసే మాయ ఇది. అందుకే వేడిగా నడిచే యంత్రానికి చిన్న రేడియేటరు రెక్క చాలు, చల్లగా ఉండాల్సిన యంత్రానికి పెద్ద రెక్క కావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనుషులు, కంప్యూటర్లు చల్లగా ఉండాలి కాబట్టి దాదాపు 70 కిలోవాట్ల వేడిని ద్రవ అమ్మోనియాతో మోసి, ఒక్కొక్కటి 23 మీటర్లకు పైగా పొడవున్న రేడియేటర్ల ద్వారా వదులుతారు.

నాకు అంత ఆశ లేదు. చెప్పుల పెట్టె అంత ఉపగ్రహంలో రేడియో ఆంప్లిఫయరు వదిలే వేడి అనుకుని 8 వాట్లు పెట్టుకున్నాను. రెక్క 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు. రెండు వైపులా కలిపితే 400 చదరపు సెంటీమీటర్లు. చుట్టూ గోడలు 30 డిగ్రీల దగ్గర, రెక్క 60 దగ్గర ఉంటే లెక్క ప్రకారం గరిష్ఠంగా 8.8 వాట్లు పోతాయి. అంటే గీత మీద నడక. ప్రశ్న ఒక్కటే: ఈ పని ఎన్ని గ్రాముల్లో అవుతుంది?

జూన్ 15, ఆదివారం

రోజంతా లీకుల వేట. మూతకు 25 మి.మీ. మందం యాక్రిలిక్ పలక తెచ్చాను. లోపల గాలి పోయాక దాని మీద బయటి గాలి నొక్కే బరువు దాదాపు 590 కిలోలు. ఆ అంకె మా ఇంట్లో వాళ్లకు చెప్పకుండా ఉండాల్సింది. కారు షెడ్డులోంచి స్కూటర్లు బయటకు వెళ్లిపోయాయి.

పంపు మా వీధి ఏసీ మెకానిక్‌ది. ఏసీల్లో గ్యాసు నింపే ముందు గొట్టాల్లోని గాలి, తేమ లాగేయడానికి వాడే రెండు దశల పంపు. వాళ్ల కొలత మైక్రాన్లలో ఉంటుంది: పాదరస మట్టంలో మిల్లీమీటరులో వెయ్యో వంతు. బయట మనం పీల్చే గాలి 7,60,000 మైక్రాన్లు. మొదటిసారి పంపు 900 దగ్గర ఆగింది. వెల్డింగ్ అతుకు చుట్టూ సబ్బు నురగ రాసి చూశాను, పనికిరాలేదు. పీల్చుకునే లీకు బుడగలు ఊదదు కదా! చివరికి మెకానిక్ చెప్పిన చిట్కా పనిచేసింది: అతుకు మీద స్పిరిట్ చుక్క వేస్తూ గేజి చూడడం. చుక్క లోపలికి వెళ్లిన చోట అంకె ఎగిరిపడుతుంది. తీగలు లోపలికి పోయే రంధ్రం దగ్గర పట్టుబడింది. ఎపాక్సీ జిగురు పూశాను. రాత్రి 9 గంటలకు 40 మైక్రాన్లు.

జూన్ 22, ఆదివారం

మొదటి పరీక్ష. ప్యానెల్‌లో మూడే భాగాలు. నడుమ 6 మి.మీ. రాగి హీట్ పైపు, 23 సెం.మీ. పొడవు. ల్యాప్‌టాప్‌లలో ఉండే రకమే. లోపల కాస్త నీళ్లు, గోడ వెంట రాగి పొడితో చేసిన వత్తి. ఒక కొస వేడెక్కితే నీరు ఆవిరై, చల్లటి చోట మళ్లీ నీరై, వత్తి గుండా వెనక్కి వస్తుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ చేసి చూపిన ఈ ఉపాయం ఇప్పుడు ఉపగ్రహాలకు ప్రాణం. గొట్టానికి ఇరువైపులా 0.3 మి.మీ. అల్యూమినియం రేకు రెక్క. కొసన నైక్రోమ్ తీగ చుట్టిన హీటరు. మొత్తాన్ని గాజు పొడి అద్దని గాలిపటం దారంతో డ్రమ్ములో వేలాడదీశాను. డ్రమ్ము లోపల నల్ల రంగు.

రంగు వేయని రేకు ఎలా ఉంటుందో చూద్దామని 8 వాట్లు ఇచ్చి టీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాను. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేసరికి మీటరు 112 డిగ్రీలు చూపిస్తోంది. యాక్రిలిక్ 100 దాటితే మెత్తబడుతుంది. మూత మీద 590 కిలోలు. చేతిలో టీ. ఏది ముందు వదలాలో తెలియలేదు. స్విచ్ ఆపాను, టీ ఒలికింది, మూతకు ఏమీ కాలేదు.

తప్పు నాదే. మెరిసే అల్యూమినియం వేడిని వదలడంలో పిసినారి. నల్లటి వస్తువు 100 వదిలేచోట అది 5 నుంచి 10 మాత్రమే వదులుతుంది. దీన్నే ఉద్గారత అంటాం: 0.05 నుంచి 0.1. పైగా నా ప్యానెల్ బరువు తక్కువ కాబట్టి వేడిని దాచుకునే ఓపిక కూడా లేదు. తేలికగా చేస్తే తొందరగా కాలుతుంది. ఈ సంగతి తెలిసే వచ్చాను, చూసింది మాత్రం ఈ రోజే.

హీటరును 2 వాట్లకు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను. 74 డిగ్రీల దగ్గర నిలబడింది. దాన్నుంచి లెక్కవేస్తే ఉద్గారత 0.15 వచ్చింది. ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు. రేకు అంత ఉదారంగా మారదు. అంటే వేడి దొంగ దారుల్లో పోతోంది.

ఒక దారి తీగలు. హీటరుకు కాస్త లావైన రాగి తీగలు వేశాను, అవి వేడిని మోసుకుపోతున్నాయి. రెండోది మిగిలిన గాలి. ఇక్కడ సాయంత్రమంతా గడిచిపోయింది. పంపు వాల్వు కాస్త మూసి 1,000 మైక్రాన్ల దగ్గర కొలిచాను, తర్వాత పూర్తిగా తెరిచి 40 దగ్గర కొలిచాను. గాలి ఇరవై అయిదో వంతుకు తగ్గింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ కూడా కదలలేదు. మొదట మీటరు పాడైందనుకున్నాను.

పాడవలేదు. గాలి వేడెక్కి పైకి లేచి సుడులు తిరగడం, అంటే సంవహనం, 1,000 మైక్రాన్లకు చాలా ముందే చచ్చిపోతుంది. కానీ వహనం, అంటే వేడి అణువు నుంచి అణువుకు చేతులు మారడం, అలా కాదు. గాలి పలుచనైతే వేడి మోసే అణువులు తగ్గుతాయి, అదే పాళ్లలో ఒక్కొక్కటి ఢీకొనకుండా పోయే దూరం పెరుగుతుంది. రెండూ చెల్లుకు చెల్లు. వాయువుల స్నిగ్ధత (చిక్కదనం) గురించి 1860లలో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ చెప్పిన వింత ఇదే, వేడి విషయంలోనూ అదే లెక్క. 40 మైక్రాన్ల దగ్గర అణువు ఢీకొనకుండా పోయే దూరం ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. నా రేకు నుంచి గోడకు 8 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని దాటేంత పలుచన కావాలంటే ఏసీ పంపుతో అయ్యే పని కాదు.

దొంగను పట్టుకోలేకపోతే ఎంత దోచాడో లెక్క రాసుకోవడం మేలు. మెరిసే రేకు కిరణాల ద్వారా వదిలేది స్వల్పం కాబట్టి దొంగ దారులు కొలవడానికి అదే మంచి సాధనం. ఉద్గారత 0.08 అనుకుంటే డిగ్రీకి 0.022 వాట్లు అలా పోతున్నాయి. ఇకపై ప్రతి కొలత నుంచీ ఇది తీసేస్తాను.

జూన్ 29, ఆదివారం

రంగుల వారం. మాట్ నలుపు స్ప్రే రెండు పూతలు. రేకు బరువు 16 గ్రాములు, రంగు 3 గ్రాములు. తెల్లారి డ్రమ్ములో పెడితే గేజి 300 దగ్గరే మొరాయించింది. లీకు కాదు, రంగులోంచి ద్రావకం ఇంకా ఊరుతోంది. అంతరిక్షంలో వాడే పదార్థాలకు ఇందుకే ఒక హద్దు ఉంది: శూన్యంలో వేడి చేసినప్పుడు బరువులో 1 శాతానికి మించి పోకూడదు, పోయిన దాంట్లో చల్లటి వస్తువుల మీద పేరుకునేది మొదటి బరువులో 0.1 శాతానికి మించకూడదు. పేరుకునేది కెమెరా కటకం మీద పేరుకుంటే ఇంక ఫోటోలు ఉండవు. రేకును 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చాలి. వంటింటి ఓవెన్ అడిగాను. "రొట్టెలు పెట్టే దాంట్లో పెయింటా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ దారి మూసుకుంది. పాత కుక్కర్‌లో ఇసుక పోసి స్టవ్ మీద కానిచ్చాను.

తర్వాత 8 వాట్లు ఇస్తే రెక్క మొదలు (గొట్టం పక్కన) 63 డిగ్రీలు, అంచు 56. దొంగ లెక్క తీసేశాక ఉద్గారత 0.9. పోయిన వారం ప్రాణం మీదికి తెచ్చిన రేకు, మూడు గ్రాముల రంగుతో మర్యాదస్తురాలైపోయింది.

సహాయానికి వస్తున్న కుర్రాడు (మా కాలేజీలో మూడో సంవత్సరం) తెల్ల రంగు వేసి చూద్దామన్నాడు. నలుపే కదా వేడి వదిలేది, తెలుపు ఏం వదులుతుంది అన్నట్టు నవ్వాడు కూడా. తెల్ల ఎనామిల్ వేశాం. 64 డిగ్రీలు! ఒక డిగ్రీ తేడా. అతని నవ్వు ఆగిపోయింది. కంటికి తెలుపైనది పరారుణానికి నలుపే. ఉపగ్రహాలకు కావాల్సింది సరిగ్గా ఈ రెండు ముఖాల బుద్ధి: సూర్యుడి వెలుగును తిప్పికొట్టాలి, తన వేడిని మాత్రం వదలాలి. అంతరిక్ష కేంద్రం రేడియేటర్లు తెల్లగా ఉండడం, మన జీశాట్ ఉపగ్రహాల పక్క పలకలు అద్దాల్లా మెరవడం ఇందుకే. ఆ అద్దాలు వెండి పూత మీద పలుచని గాజు పొర. వెండి వెలుగును తిప్పికొడుతుంది, గాజు వేడిని విడుస్తుంది.

జూలై 6, ఆదివారం

రెక్క మొదలు 63 అని రాశాను గానీ గొట్టం మాత్రం 74 ఉంది. మధ్యలో 11 డిగ్రీలు ఎక్కడికి పోయాయి? అతుకులో.

రేకులో గాడి తొక్కి, గొట్టాన్ని అందులో కూర్చోబెట్టి, సన్నని బైండింగ్ వైరుతో బిగించాను. చేత్తో కదిపితే కదలదు. డ్రమ్ము మూత తీసి బయట గాలిలో అవే 8 వాట్లు ఇచ్చి చూస్తే అతుకు దగ్గర తేడా 4 డిగ్రీలే. శూన్యంలో 11. రెండు లోహాలు ఎంత గట్టిగా ఆనినా నిజంగా తాకేది కొన్ని బొడిపెల దగ్గరే. మిగతా సందుల్లో ఉన్న గాలే వంతెన కట్టి వేడిని దాటిస్తోంది. గాలి పోగానే వంతెన కూలింది. బల్ల మీద బాగా పనిచేసిన వస్తువు పైకి వెళ్లి చతికిలబడడానికి ఇలాంటి అతుకులే కారణం అవుతుంటాయి.

ఎపాక్సీలో సన్నని అల్యూమినియం పొడి కలిపి అతికించాను. 2 గ్రాములు. తేడా 2 డిగ్రీలకు దిగింది, గొట్టం 65.

రసమట్టం గురించి కూడా రాసుకోవాలి. గొట్టాన్ని తాపీ మేస్త్రీల రసమట్టం పెట్టి అడ్డంగా వేలాడదీస్తున్నాను. హీటరు వైపు కొస కిందికి ఉంటే భూమి ఆకర్షణే నీటిని వెనక్కి తెచ్చి గొట్టానికి దొంగ మార్కులు వేస్తుంది. నాది రాగి పొడితో చేసిన వత్తి కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. ఉపగ్రహాల్లో వాడే అల్యూమినియం–అమ్మోనియా గొట్టాల్లో వత్తికి బదులు పొడవునా గాడులు ఉంటాయి. వాటిని నేల మీద పరీక్షించేటప్పుడు కొన్ని మిల్లీమీటర్ల వాలు కూడా ఫలితాన్ని చెడగొడుతుంది.

సాయంత్రం ఇంకో ఆట. డ్రమ్ము చుట్టూ 60 డిగ్రీల నీళ్లు పోసి ఉంచాం. అంతే, గొట్టం 65 నుంచి 88కి ఎగబాకింది. రేడియేటరు వదిలేది ఎంతో, ఎదురుగా ఉన్నది తిరిగి ఇచ్చేది కూడా లెక్కే. శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరులో వెళ్లిన చంద్రయాన్–1కి చంద్రుడి దగ్గర ఇదే ఎదురైంది. నవంబరులో లోపలి వేడి 50 డిగ్రీలకు చేరింది. నౌకను 20 డిగ్రీలు తిప్పి, కొన్ని పరికరాలు ఆపి దించారు. కాలిన పెనం లాంటి చందమామ పగటి వైపు పైన వేలాడుతూ చల్లబడాలంటే మాటలా?

జూలై 13, ఆదివారం

గ్రాఫైట్ పొర వచ్చింది. 25 మైక్రాన్లు, ఈసారి నిజం మైక్రాన్లు, అంటే మి.మీ.లో నలభయ్యో వంతు. ఫోన్లలో వేడిని పరచడానికి వాడే రకం. అల్యూమినియం కన్నా పొర వెంట ఎనిమిది రెట్లు బాగా వేడిని మోస్తుంది. నా కొలతకు కత్తిరించిన ముక్కను తక్కెడలో పెడితే 1 గ్రాము! అల్యూమినియం రేకు 16 గ్రాములు చేసే పనికి ఇంచుమించు సాటి. ఆ ముక్క ఊపిరికి ఎగిరిపోతుంది. ఫ్యాను ఆపించి పనిచేశాం.

దానికి రంగు వేస్తే 3 గ్రాములు. వంటకం కన్నా తాలింపు మూడు రెట్లు అన్నమాట. ఒకే పూత వేస్తే 1.4 గ్రాములతో సరిపోయింది గానీ రంగు పలుచనై ఉద్గారత 0.82కి పడిపోయింది, ప్యానెల్ రెండు డిగ్రీలకు పైగా వేడెక్కింది. గ్రాముకు డిగ్రీ బేరం. రెండు పూతలే ఉంచాను.

అసలు తలనొప్పి అతుకు. గ్రాఫైట్ కాగితాల కట్ట లాంటిది. పొర వెంట వేడిని పరుగెత్తిస్తుంది, పొరలకు అడ్డంగా మాత్రం బద్ధకం. పైగా జిగురు పై పొరను పట్టుకుంటే, పై పొర కింది పొరను వదిలేస్తుంది. మూడుసార్లు వేడి చేసి చల్లార్చేసరికి ఉల్లిపొరలా లేచిపోయింది. కుర్రాడు గుండుసూదితో అతుకు వెంట వరుసగా చిల్లులు పొడిచాడు. జిగురు చిల్లుల్లోంచి దిగి కింది రాగిని పట్టుకుంది. పన్నెండుసార్లు కాల్చి చల్లార్చాం, కదలలేదు. అతని ఆలోచన అని ఇక్కడ రాసిపెడుతున్నాను, రేపు నాదని చెప్పుకోకుండా.

పొర వేలాడకుండా అంచులకు చట్రం కావాలి. చేతికి దొరికింది చీపురులోని కొబ్బరి ఈనె. నిటారుగా, తేలికగా భలే కుదిరింది. కానీ శూన్యంలో గంట సేపు తేమ కక్కుతూనే ఉంది. 1 మి.మీ. కార్బన్ పుల్లలు తెప్పించాను, నాలుగూ కలిపి 0.8 గ్రాములు.

ఫలితం: 8 వాట్లకు రెక్క మొదలు 65, అంచు 54. అల్యూమినియం కన్నా రెండు డిగ్రీలు ఎక్కువ.

జూలై 21, సోమవారం, బోనాల సెలవు

వీధిలో డప్పులు. షెడ్డులో తక్కెడ.

అల్యూమినియం ప్యానెల్: రేకు 16, రంగు 3, జిగురు 2, గొట్టం 21. మొత్తం 42 గ్రాములు.

గ్రాఫైట్ ప్యానెల్: పొర 1, రంగు 3, జిగురు 3, పుల్లలు దాదాపు 1, గొట్టం 21. మొత్తం 29 గ్రాములు.

పదహారు గ్రాముల రేకును ఒక గ్రాముకు దించామని వారం రోజులుగా మురిసిపోతున్నాను. ఇప్పుడు మొత్తం బరువులో మూడు వంతుల్లో రెండు వంతులకు పైగా గొట్టమే. నేను చెక్కుతూ వచ్చింది కొమ్మను, మాను అలాగే ఉంది. ఇంకెంత గొప్ప పొర తెచ్చినా ఆదా అయ్యేది అర గ్రాము.

పెద్ద రేడియేటర్లలోనూ బరువు పోయేది ఇక్కడే అనిపిస్తోంది. వేడిని వదిలే పని చర్మం చేస్తుంది, బరువు మాత్రం ఎముకలది. అంతరిక్షంలో గొట్టానికి ఇంకో భారం ఉంది: ఉల్కా ధూళి. రెక్కకు చిల్లు పడితే ఒక చుక్కంత జాగా పోతుంది. గొట్టానికి చిల్లు పడితే మొత్తం పోతుంది. 2022 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న రష్యా వ్యోమనౌక సోయుజ్ ఎంఎస్–22 రేడియేటరుకు 0.8 మి.మీ. చిల్లు పడింది, శీతలీకరణ ద్రవం ఫౌంటెన్‌లా చిమ్ముకుపోయింది. దానిలో మనుషులను దించడం మంచిది కాదని 2023 ఫిబ్రవరిలో ఎంఎస్–23ను ఖాళీగా పంపారు. ఎంఎస్–22లో వెళ్లిన ముగ్గురి యాత్ర ఆరు నెలలది కాస్తా 371 రోజులైంది. అందుకే గొట్టాల గోడలు మందంగా చేస్తారు, కవచం తొడుగుతారు. కవచమే బరువు.

గొట్టమే లేకుండా చేస్తే? ఆ పిచ్చి ఆలోచన కూడా ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మాటిక్, హెర్ట్జ్‌బర్గ్ 1980ల మొదట్లో ప్రతిపాదించినది: వేడి నూనెను సన్నని చుక్కల తెరగా శూన్యంలోకి చిమ్మి, ఎగురుతూ చల్లారాక అవతల పట్టుకోవడం. ఉల్క దూసుకుపోయినా చుక్కల మధ్య చిల్లు పడదు. కుర్రాడి కళ్లు మెరిశాయి. షెడ్డులో నూనె చిమ్మే ప్రయోగాలు లేవని వెంటనే చెప్పేశాను.

జూలై 27, ఆదివారం

4 మి.మీ. హీట్ పైపు. 11 గ్రాములు. చుట్టుకొలత తగ్గింది కాబట్టి అతుకు దగ్గర తేడా మూడున్నర డిగ్రీలకు పెరిగింది, గొట్టం 68 దాటింది. మొత్తం ప్యానెల్ 19 గ్రాములు.

ఒక్క భాగం మార్చితే పది గ్రాములు. రెండు వారాల గ్రాఫైట్ పనికి వచ్చిన ఆదా పదమూడు. వెల్డింగ్ షాపుకు వెళ్లకముందే భాగాలన్నీ తూచి ఉంటే ఈ డైరీ సగం ఉండేది.

ఆగస్టు 3, ఆదివారం

పందొమ్మిది గ్రాముల ప్యానెల్‌ను బల్ల మీద పెట్టి కుర్రాడు అడిగాడు: "సార్, దీనికి చిల్లు పడితే?"

పడితే అంతా పోతుంది. కాబట్టి రెండు గొట్టాలు. రెండూ 4 మి.మీ.వే, రెక్క వెడల్పును పావు దగ్గర, ముప్పావు దగ్గర పంచుకుంటాయి. హీటరుకు చిన్న అల్యూమినియం దిమ్మ, అది రెండింటికీ వేడిని అందిస్తుంది. వేడి నడవాల్సిన దూరం సగమైంది కాబట్టి రెక్క మొదలు 61కి దిగింది, ఇప్పటిదాకా అన్నిటికన్నా చల్లగా.

తర్వాత సర్క్యూట్ బోర్డులకు వాడే 0.8 మి.మీ. డ్రిల్లు బిట్టు తీశాను. కావాలనే సోయుజ్ కొలత. గొట్టం లోపల మామూలు వేడి దగ్గర గాలి ఉండదు, నీటి ఆవిరి కొద్దిగా మాత్రమే. బిట్టు దిగగానే సన్నగా "స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకుంది. ఇంత చిన్న చప్పుడుతో ఒక గొట్టం చచ్చిపోయింది. కుర్రాడు దాన్ని చేత్తో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

డ్రమ్ములో పెట్టి పంపు వేశాం. గేజి 4,000 దగ్గర ఇరవై నిమిషాలు మొండికేసింది. చిల్లులోంచి నీరు ఆవిరవుతూ, తన వేడిని తానే పోగొట్టుకుని మంచుగా మారే అంచున ఊగుతోంది. గ్రాము నీరే, కానీ అదంతా పంపులోకే వెళ్లింది. పంపు నూనె మజ్జిగలా తెల్లబడింది. మెకానిక్‌కు తిరిగి ఇచ్చేటప్పుడు కొత్త నూనె డబ్బా కూడా ఇవ్వాలి.

నీరంతా పోయాక 8 వాట్లు ఇచ్చాం. ఒక్క గొట్టమే మొత్తం రెక్కను మోస్తోంది. మీటరు ఎక్కుతూ ఎక్కుతూ 68 దగ్గర ఆగింది. బతికి ఉన్న దానికి దూరంగా ఉన్న అంచు చల్లగా, పనిలేకుండా ఉంది. చచ్చిన గొట్టం రాగి మాత్రం తన వంతు కాస్త వేడిని మోస్తూనే ఉంది.

ఏడు డిగ్రీలే పెరిగాయి. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. తర్వాత తక్కెడ తీశాను. రెండు గొట్టాలు 22, పొర 1, రంగు 3, జిగురు 4, పుల్లలు దాదాపు 1. దిమ్మ సంగతి పక్కన పెట్టినా 31 గ్రాములు.

ఒకే లావు గొట్టంతో చేసినది 29.

కుర్రాడు పుస్తకంలో రెండు అంకెలూ రాసి, మధ్యలో గీత కొట్టి, "3 మి.మీ. గొట్టాలు దొరుకుతాయా సార్?" అన్నాడు. వెతుకుతున్నాను.